కీ ఇచ్చే వాచీ: రూపం సైన్యానిది, ఆయుష్షు మెకానిక్‌ది

నల్లటి డయలు, దాని మీద పన్నెండు తెల్లటి పెద్ద అంకెలు, చీకట్లో మెరిసే ముళ్లు, నైలాన్ పట్టీ, రోజూ కీ ఇస్తే తప్ప నడవని యంత్రం. ఫీల్డ్ వాచీ పేరుతో అమ్మేది దీన్నే. ధర మరీ చుక్కలనంటని ఈ వాచీ గురించి అమ్మేవాళ్లు మొదట చెప్పే మాట ఒకటే: ఇది సైనికుల వాచీ, అందుకే ఏళ్ల తరబడి మొండిగా నడుస్తుంది. ఏళ్ల తరబడి నడుస్తుందన్నది నిజమే, చెప్పే కారణమే సరికాదు. దీని పుట్టుపూర్వోత్తరాలు తిరగేస్తే తేలేది వేరు. సైన్యం ఈ వాచీకి రూపాన్నిచ్చింది. రోజూ కట్టుకున్నా దశాబ్దాలు నిలిచే ఆయుష్షును మాత్రం బజారు మెకానిక్, అతని చేతికందే విడిభాగాలు ఇచ్చాయి.

పందొమ్మిదో శతాబ్దం చివరిదాకా మగవాళ్ల గడియారానికి చోటు జేబులోనే. చేతికి కట్టుకునేది ఆడవాళ్ల నగల్లో జమ. 1899-1902 నాటి బోయర్ యుద్ధంలో దక్షిణాఫ్రికాకు వెళ్లిన బ్రిటిష్ అధికారులు జేబు గడియారాలను తోలు పట్టీల్లో బిగించి మణికట్టుకు కట్టుకున్నారు. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చేసరికి అది సౌకర్యం స్థాయి దాటి అవసరమైంది. ఫిరంగి గుండ్ల వరస లెక్క ప్రకారం ముందుకు జరుగుతుంటే దాని వెనకే కాల్బలం నడవాలి. వాచీలో రెండు నిమిషాల తేడా ఉంటే సొంతవాళ్ల గుండ్లే నెత్తిన పడతాయి. 1916లో బ్రిటిష్ అధికారుల కోసం వెలువడిన ఒక చేతిపుస్తకం, వెంట తీసుకెళ్లాల్సిన సామాను జాబితాలో మొట్టమొదట రాసింది చీకట్లో కనిపించే, అద్దం పగలని చేతిగడియారాన్నే. అలాగని అవేమీ గట్టి వాచీలు కావు. చిన్న జేబు గడియారానికి రెండు తీగ కొక్కేలు అతికిస్తే ట్రెంచ్ వాచీ అయ్యేది. దుమ్మూ తేమా సులువుగా లోపలికి పోయేవి, కింద పడితే లోపలి ఇరుసు విరిగేది. మెరుపు కోసం పూసిన రేడియం రంగు అంతకన్నా ఘోరం చేసింది. అమెరికాలోని న్యూజెర్సీలో డయళ్లకు ఆ రంగు వేస్తూ, కుంచె మొనను పెదవులతో తీర్చుకున్న కార్మిక యువతులు దవడ ఎముకలు కుళ్లి మరణించారు. చీకట్లో టైము కనబడాలన్న షరతుకు అసలు మూల్యం చెల్లించింది వాళ్లు.

రెండో ప్రపంచ యుద్ధం నాటికి సైన్యాలే షరతులు రాసి వాచీలు చేయించుకునే పద్ధతి స్థిరపడింది. అమెరికా ‘ఏ-11’ నిబంధనల కింద ఎల్గిన్, వాల్తమ్, బులోవా కంపెనీలు తయారుచేసిన వాచీలకు నల్ల డయలు, తెల్ల అంకెలు, మధ్యలోంచి తిరిగే సెకన్ల ముల్లు ఉండేవి. కీని బయటికి లాగితే సెకన్ల ముల్లు ఆగిపోయేది. దళంలో అందరూ ఒకే క్షణానికి వాచీలు కలుపుకోవడానికి పెట్టిన ఏర్పాటది. బ్రిటన్ కూడా 1945 నాటికి ఒమేగా, లాంజీన్స్, సైమా, టిమోర్ వంటి పన్నెండు కంపెనీల వాచీలను ఒకే షరతుల పత్రం కింద తీసుకుంది. పాత వాచీలు సేకరించేవాళ్లు వాటిని ముద్దుగా ‘డర్టీ డజన్’ అంటారు. పన్నెండూ పైకి అన్నదమ్ముల్లా ఉంటాయి. వెనక మూత తీస్తే మాత్రం ఎవరి యంత్రం వాళ్లదే. ఒమేగా చక్రం సైమాలో కూర్చోదు. కళ్లకు కనిపించే ముఖానికి ఒక ప్రమాణం పెట్టిన సైన్యం, బాగుచేయడానికి పనికొచ్చే లోపలి భాగాన్ని కంపెనీల ఇష్టానికి వదిలేసింది.

అసలు మలుపు 1964లో వచ్చింది. అంతకుముందు, 1956 నాటి అమెరికా సైనిక ప్రమాణం పదిహేడు జ్యూయెల్స్ ఉన్న, బాగుచేయడానికి వీలైన వాచీని కోరింది. జ్యూయెల్స్ అంటే అలంకారం కోసం పెట్టే రాళ్లు కావు. చక్రాల ఇరుసులు అరగకుండా తిరిగేందుకు అమర్చే కృత్రిమ కెంపులు. 1964లో వచ్చిన ‘మిల్-డబ్ల్యూ-46374’ ప్రమాణం ఆ పట్టింపు వదిలేసింది. ధర తగ్గాలి, పాడైతే రిపేరు పని పెట్టుకోకుండా పారేయాలి, కొత్తది ఇవ్వాలి. దీని కింద వియత్నాం యుద్ధానికి వెళ్లిన వాచీల్లో ప్లాస్టిక్ కేసువి కూడా ఉన్నాయి. పన్నెండు అంకెల లోపల 13 నుంచి 24 దాకా చిన్న అంకెల వలయం ఉన్న ఆ డయలునే నేటి ఫీల్డ్ వాచీలు చాలావరకు అనుసరిస్తున్నాయి. తాతల నాటి దృఢత్వానికి గుర్తుగా మనం చూస్తున్న ముఖం, నిజానికి పారేయడానికే చేసిన వాచీది. ఆ వాచీలు కొన్ని ఇప్పటికీ నడుస్తున్నాయి కదా అంటారు. నడుస్తున్నవే సేకరణల్లోకి చేరాయి. చెత్తలో కలిసినవి సాక్ష్యం చెప్పడానికి రావు.

మరి మన్నిక ఎక్కడిది? మొదటి జవాబు యంత్రంలోని పొదుపు. కీ తిప్పితే డ్రమ్ములోని స్ప్రింగు చుట్టుకుంటుంది. అది విప్పుకుంటూ నాలుగైదు పళ్ల చక్రాలను తిప్పుతుంది. చివర్లో బ్యాలెన్స్ చక్రం అటూ ఇటూ ఊగుతూ ఆ వేగానికి కళ్లెం వేస్తుంది. ఆటోమేటిక్ వాచీలో ఉండే బరువైన రోటరు, దాని గేర్లు ఇందులో ఉండవు. లేని భాగం అరగదు, విరగదు. రెండో జవాబు షాక్ రక్షణ. బ్యాలెన్స్ ఇరుసు కొసలు వెంట్రుకంత సన్నగా ఉంటాయి. వాచీ కింద పడితే మొదట విరిగేవి అవే. 1934లో స్విట్జర్లాండ్‌లో వచ్చిన ‘ఇంకాబ్లాక్’ ఆ కొసను పట్టుకునే రాయిని బుల్లి స్ప్రింగు కింద కూర్చోబెట్టింది. దెబ్బ తగిలితే రాయి కాస్త జరిగి, మళ్లీ తన చోటికి వస్తుంది. మామూలు జనం కొనే వాచీల్లోకి కూడా ఇలాంటి ఏర్పాట్లు వచ్చాకే చేతిగడియారం రోజువారీ మోటు వాడకాన్ని తట్టుకుంది. మూడోది, అన్నిటికన్నా పెద్దది, ఒకే యంత్రం లక్షల వాచీల్లో ఉండటం.

ఈ మూడోదానికి మన దేశమే మంచి ఉదాహరణ. ప్రభుత్వరంగ హెచ్‌ఎంటీ 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సాంకేతిక సహకారంతో బెంగళూరులో చేతిగడియారాల తయారీ మొదలుపెట్టింది. తెల్ల డయలు ‘జనతా’ గుమస్తాలు, టీచర్ల చేతికి, నల్ల డయలు ‘పైలట్’ కుర్రవాళ్ల చేతికి వెళ్లాయి. పేర్లు వేరు, ముఖాలు వేరు, లోపల రెండింటికీ అదే పదిహేడు జ్యూయెల్స్ 0231 యంత్రం. బ్రిటిష్ సైన్యం చేసినదానికి ఇది సరిగ్గా తలకిందులు. ఒక జనతా పూర్తిగా పాడైతే దాని చక్రాలతో ఒక పైలట్ బతికేది. బస్టాండు పక్కన గాజుపెట్టె ముందు కూర్చుని, కంటికి భూతద్దం తగిలించుకున్న మెకానిక్‌కు ఆ యంత్రం కంఠోపాఠం. విప్పి, పెట్రోలులో కడిగి, చుక్క చుక్కగా నూనె వేసి బిగించేవాడు. హెచ్‌ఎంటీ పేరు మీద జనానికి ఎంత గురి ఉండేదంటే, మహారాష్ట్ర రైతు దాదాజీ ఖోబ్రగడే ఎంపిక చేసి పెంచిన సన్నరకం వరికి ఆ వాచీ పేరే స్థిరపడింది. మన కిరాణా కొట్లలో దొరికే హెచ్‌ఎంటీ బియ్యం అదే.

ఈ వాదనకు గట్టి అభ్యంతరం క్వార్ట్జ్ వాచీ నుంచి వస్తుంది. మామూలు క్వార్ట్జ్ నెలకు పదిహేను సెకన్లు తప్పితే, కీ ఇచ్చే వాచీ ఒక్క రోజులోనే అంత తప్పుతుంది. సైన్యాలు కూడా అటే మొగ్గాయి. బ్రిటిష్ సైన్యం 1980లో కీ వాచీని వదిలి క్వార్ట్జ్ తీసుకుంది. టాటాలు, తమిళనాడు ప్రభుత్వ సంస్థ కలిసి 1984లో పెట్టిన టైటాన్ క్వార్ట్జ్‌నే నమ్ముకుని బజారును గెలిచింది. 2016 జనవరిలో హెచ్‌ఎంటీ వాచీల కంపెనీ మూసివేతకు కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. ఖచ్చితత్వమే కొలమానమైతే వాదన ఇక్కడితో సరి. కానీ ఎన్నేళ్లు నిలుస్తుందన్నది వేరే ప్రశ్న. చవక క్వార్ట్జ్‌లో సర్క్యూట్ పోతే లోపలిదంతా తీసి కొత్తది వేయడమే, ఆ కొలత యంత్రం దొరికినన్నాళ్లే దాని బతుకు. కీ వాచీలో పోయేది ఒక చక్రమో, ఒక స్ప్రింగో. మిగతాదంతా అలాగే ఉంటుంది.

నాలుగైదేళ్లకోసారి చేయించే సర్వీసు ఖర్చు వాచీ ధరతో సమానమైతే లాభమేమిటన్నది రెండో అభ్యంతరం. న్యాయమైనదే. పైగా రోజువారీ వాడకం వాచీని అరగదీస్తుంది. రోజూ తిప్పే కీ దగ్గరి రబ్బరు రింగు వదులవుతుంది. కోస్తా ఉక్కపోతలో చెమట ఆ సందులోంచే లోపలికి దిగి మరలకు తుప్పు పట్టిస్తుంది. క్రోమ్ పూసిన ఇత్తడి కేసు మణికట్టు తగిలే చోట గుంటలు పడుతుంది. ప్లాస్టిక్ అద్దం నిండా గీతలే. అయితే ఇవన్నీ విడివిడిగా మార్చగలిగినవి. గీతలు పాలిష్‌తో పోతాయి, అద్దం మార్చినా పెద్ద ఖర్చు కాదు. రింగు సమయానికి మారిస్తే తుప్పు సంగతే రాదు. సర్వీసు లెక్కను వాచీ ధరతో కాక, మళ్లీ మళ్లీ కొత్త వాచీ కొనే ఖర్చుతో పోల్చాలి. విడిభాగాలు కరువైతే మాత్రం ఈ సమర్థన మొత్తం కూలిపోతుంది. హెచ్‌ఎంటీ వాచీలు ఇంకా నడవడానికి కారణం పాత యంత్రాలు కుప్పలుగా మిగలడమే. ఆ కుప్ప ఏటా తరుగుతోంది.

కాబట్టి పదేళ్లో ఇరవయ్యేళ్లో రోజూ కట్టుకోవాలని ఈ రకం వాచీ కొనేవాళ్లు డయలు మీది యుద్ధకథను పక్కన పెట్టి, లోపలి యంత్రం ఏమిటని అడగాలి. హామిల్టన్ కంపెనీ తన కీ ఫీల్డ్ వాచీలో చాలాకాలం వాడిన ఈటా 2801 ఎన్నో బ్రాండ్లలో తిరిగిన యంత్రం. తర్వాత దాని స్థానంలో వచ్చిన హెచ్-50 ఒకసారి పూర్తిగా కీ ఇస్తే ఎనభై గంటలు నడుస్తుంది. ఆ సౌకర్యం నిజమైనదే, కానీ అది ఆయుష్షుకు హామీ కాదు. ఈ యంత్రాన్ని విప్పగలవాళ్లు మన ఊళ్లో ఉన్నారా, పదేళ్ల తర్వాత దీని స్ప్రింగు కంపెనీ గేటు దాటి బజారుకు వస్తుందా అన్న రెండు ప్రశ్నలకు అవునని జవాబొస్తేనే ఆ వాచీ దీర్ఘకాలపు వాడకానికి తగినది. లేకపోతే ఎంత సైనిక ముఖమున్నా, అది 1964 నాటి వాచీలాగే పారేయడానికి చేసినదే.