రచ్చ – హంగామా

విద్యార్థి తన వ్యాసమున ‘రచ్చ’ యని వ్రాసినచో, గ్రామ్యమని పండితులు దానిని కొట్టివేయుట కలదు. 2012వ సంవత్సరమున నీ పేరుతో నొక చలనచిత్రమును వెలువడుటచే, నిది నిన్న మొన్న పుట్టిన మాట యను భ్రాంతి యెవరికైనఁ గలుగవచ్చును. ఈ రెండభిప్రాయములును విచారమునకు నిలువవు.

సంస్కృతమున రథము పోవు త్రోవ ‘రథ్యా’. ‘మిథ్యా’ శబ్దము ప్రాకృతమున ‘మిచ్ఛా’ యైనట్లే యిదియు ‘రచ్ఛా’ యైనది. తెలుఁగున మహాప్రాణము పోయి, తుది దీర్ఘము హ్రస్వమై, ‘రచ్చ’ సిద్ధించినది. ‘సంధ్యా’ శబ్దభవమైన ‘సంజ’ను కావ్యములలో నంగీకరించువారు దీనిని నిరాకరించుటకుఁ గారణము లేదు. ‘అఱచు’ ధాతువుతో దీనిని ముడివెట్టరాదు. అందలిది శకటరేఫము, ఇందలిది సాధురేఫము.

ఇఁక నర్థము. మొదట వీధి, పిదప వీధిలో జనులు కూడు తావు, పిమ్మట నా తావునఁ దగవు తీర్చు సభ. ‘రచ్చబండ’ యిందులకు సాక్ష్యము. ‘ఇంట గెలిచి రచ్చ గెలువుము’ అను సామెతలో రచ్చ యనఁగా సభయే కాని యల్లరి కాదు. ‘రచ్చకెక్కు’, ‘రచ్చకీడ్చు’ అను పలుకుబళ్లలో నింటిగుట్టు పదుగురిలోఁ బడుట యను నవమానభయము చేరినది. పదుగురు చేరిన తగవునఁ గేకలు తప్పవు గాన, తుదకు స్థలముపేరే కేకలకుఁ బేరైనది. కన్నడమునను ‘రచ్చె హిడి’ యనఁగా బిడ్డ మారాము చేసి యేడ్చుట.

ఈ నడక యీ యొక్కమాటకే పరిమితము కాదు. మచిలీపట్టణమునకుఁ గల ‘బందరు’ అను పేరు, రేవు అను నర్థముగల పారసీకపదము. 1611లో నింగ్లీషువారు వర్తకస్థానము నెలకొల్పునాఁటికి నీ పట్టణము గోలకొండ కుతుబ్‌షాహీలకు ముఖ్యమైన రేవు. ఆ దొరతనము 1687లో ముగిసినను, దాని రాజభాషయైన పారసీకపు మాటలు తెలుఁగున నిలిచినవి. ‘హంగామా’ యు నా భాషాపదమే. గారడీవాని చుట్టును, కథకుని చుట్టును మూఁగిన గుంపు హంగామా. ఆ గుంపు కలకలమును హంగామాయే. ఈ సీమయందలి కూచిపూడివారి భాగవతము వీధిలో నాడు రాత్రి యా మూఁకను, ఆ సందడిని వేఱుచేసి చూపఁగలవారెవరు?

ఇట్లు భిన్నభాషలనుండి వచ్చిన రెండు మాటలును జనసమూహమునుండి కోలాహలమునకే చేరినవి. అయితే రచ్చకు సభయను నర్థము నేఁడు ముఖ్యముగా సామెతలో మిగులుచున్నది. మాటను గ్రామ్యమని త్రోసివేసి యూరకుండినచో, బాలురా సామెతకు ‘ఇంట గెలిచి యల్లరి గెలువుము’ అని యర్థము చెప్పుకొనఁగలరు. కావున దానిని కొట్టివేయుటకు మాఱుగాఁ, బ్రక్కను ‘రథ్యా’ యని వ్రాసి చూపుట యుపాధ్యాయులకుఁ దగినపని.