దయ్యములను చూచు కన్నులు

దయ్యపు కథలు మనకు క్రొత్తవి కావు. కాని హాంగ్‌కాంగ్‌లో పుట్టి మన తమిళ, హిందీ తెరలమీదికి సయితము వచ్చిన యొక దయ్యపు కథకు చరిత్ర కలదు. అందు మన యిండ్లకు సంబంధించిన విషయ మొకటి యున్నందున ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

డానీ పాంగ్, ఆక్సైడ్ పాంగ్ అనువారు హాంగ్‌కాంగ్‌లో జన్మించిన కవల సోదరులు. బ్యాంకాక్ నగరమున థాయి చిత్రములు తీసి పేరు తెచ్చుకొనిరి. 2002లో వారు తీసిన చిత్రము 'ది ఐ'. దాని చీనా పేరునకు 'దయ్యమును చూచుట' అని అర్థము. పసితనముననే చూపు పోయిన మన్ అను యువతికి, మరణించిన యొకరి కార్నియాను అమర్తురు. చూపు వచ్చును, దానితోబాటు ప్రేతములును కనబడును. ఆ కన్నులు థాయిదేశపు పల్లెపడుచు లింగ్‌వి. రాబోవు చావులను ముందే చూడగలుగుట చేత ఊరివారు ఆమెను వెలివేసిరి.

2004లో అదే సోదరులు 'ది ఐ 2' తీసిరి. రెండవ భాగమను పేరే గాని కథ వేరు, పాత్రలు వేరు. షూ చీ ధరించిన జోయీ పాత్ర, వివాహితుని ప్రేమించి, ప్రాణము తీసికొనబోయి బ్రతికిన యువతి. తాను గర్భవతినని తెలిసిన పిమ్మట ఆమెకు దయ్యములు కనబడజొచ్చును. అవి మరల పుట్టుటకై తల్లులచుట్టు వేచియున్న జీవులని యొక బౌద్ధభిక్షువు చెప్పును. ఆమెను వెంటాడు ప్రేతము ఆ ప్రియుని భార్యదే. పగకని తలచిన రాక పుట్టుకకని తుదకు తేలును.

మా దృష్టిలో రెండవ చిత్రమునందలి మేలు ఇదియే. మొదటి కథ దానముగా వచ్చిన కంటిమీద అనుమానము వేసినది. రెండవది ఆ చూపును తల్లి కడుపునకు మార్చినది. పునర్జన్మను నమ్ముచు, గ్రహణమునాడు గర్భిణిని గడప దాటనీయని మన పెద్దలకు ఈ కథ వింతగా తోచదు.

అయితే మన దేశమునకు నడచివచ్చినది మొదటి కథ. 2004లో స్నేహ నాయికగా తమిళమున 'అదు', 2005లో ఊర్మిళా మాతోండ్కర్ నాయికగా హిందీలో 'నైనా' వెలువడినవి. 'నైనా' చూచినవారు నేత్రదానమునకు వెనుదీయుదురని మన నేత్రవైద్యులు ఆక్షేపించిరి. ఆ భయము అకారణము కాదు. ఇంట శవ మున్నవేళ బంధువుల మనస్సు ఏ చిన్న శంకకైనను లొంగును.

నిజమేమనగా, కార్నియా గడియారపు అద్దమువంటిది. వెలుగును లోనికి విడుచునే గాని, చూచినదానిని దాచుకొనదు. 1905లో జిర్మ్ అను వైద్యుడు మొరావియాలో మొదటిసారి జయప్రదముగా దానిని మార్చినాడు. అది మొదలు ఎందరో చూపు పొందిరి. దాత చూచిన దేదియు వారి కంటబడలేదు.

కావున కథను కథగా చూచి ఆనందింతము. ఇంట మరణము సంభవించినపుడు మాత్రము కనురెప్పలు మూసి, తడిదూది యుంచి, పంకా ఆపి, వెంటనే నేత్రనిధికి కబురు పంపవలెను. ఆరు గంటలు దాటనీయరాదు. మనవారి కన్నులు మరియొక యింట ఉగాది వెలుగును చూచుటకంటె వారికి మంచి పునర్జన్మ మేమి కలదు?