మెథోట్రెక్సేట్, లెఫ్లునమైడ్
రుమటాయిడ్ కీళ్లవాతం ముదిరి కీళ్లు వంకరపోకుండా అడ్డుకునే మందులు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు సారథ్యంలో లెడర్లీ ప్రయోగశాల చేసిన పరిశోధనల్లోంచి మెథోట్రెక్సేట్ క్యాన్సర్ మందుగా వచ్చింది. కీళ్లవాతానికి అమెరికాలో 1988లో అనుమతి దొరికింది. నేటికీ వైద్యులు సాధారణంగా మొదట రాసేది దీన్నే. వారానికి ఒక్కసారే వేసుకోవాలి. పొరపాటున రోజూ మింగితే ప్రాణం మీదికి వస్తుంది. నోటిపూత, వికారం తగ్గడానికి ఫోలిక్ ఆమ్లం జోడిస్తారు.

1998లో అనుమతి పొందిన లెఫ్లునమైడ్ రోజువారీ మాత్ర. మెథోట్రెక్సేట్ పడనివారికి మంచి ప్రత్యామ్నాయం. విరేచనాలు, రక్తపోటు పెరగడం దీని ఇబ్బందులు. మానేసినా రెండేళ్ల దాకా ఒంట్లో ఉండిపోవచ్చు; త్వరగా వదిలించడానికి కొలెస్టిరమీన్ ఇస్తారు. రెండూ గర్భస్థ శిశువుకు హానికరం, రెంటికీ కాలేయ, రక్త పరీక్షలు తప్పవు.