కుక్ కౌంటీ ఆసుపత్రి

చికాగో నగరపు పశ్చిమభాగమున, హారిసన్ వీథి కభిముఖముగా, సింహముఖములును శిశురూపములును తీర్చిన కాల్చినమట్టి పలకలతో అలంకృతమై 1914లో వెలసిన కుక్ కౌంటీ ఆసుపత్రి భవనము, ఐరోపానుండి వచ్చిన కార్మికులకును, దక్షిణరాష్ట్రములు విడిచి పొట్టచేతబట్టుకొని తరలివచ్చిన నల్లజాతి కుటుంబములకును, చేత కాసులేని సమస్త జనమునకును దశాబ్దములపాటు ఆశ్రయమిచ్చినది.

అచ్చట జరిగిన మహత్కార్యములలో నా దృష్టికి అగ్రగణ్యమైనది 1937 మార్చిలో బెర్నార్డ్ ఫాంటస్ అను వైద్యుడు నెలకొల్పిన రక్తనిధి. అమెరికా ఆసుపత్రులలో అట్టిది అదియే ప్రథమము. అంతకుమున్ను రోగి ప్రాణము కొట్టుమిట్టాడుచుండగా దాతకొరకు పరుగులిడవలసివచ్చెడిది. ఫాంటస్ పద్ధతిలో, దాతనుండి గ్రహించిన రక్తమునకు గడ్డకట్టకుండ సోడియం సిట్రేట్ కలిపి, సీసాలలో నింపి, శీతలయంత్రమున భద్రపరచి, కొలదిదినములలో వినియోగించుచుండిరి. రక్తము సమకూర్చిన శాఖకు ఖాతాలో జమ, పుచ్చుకొన్నచో ఖర్చు. ఎంత నిరాడంబరమైన ఉపాయము! ఎందరి బాలింతల ప్రాణములు నిలిపిన ఉపాయము!

2002లో రోగులను ప్రక్కనే నిర్మించిన నూతన వైద్యశాలకు తరలించిరి. పాతభవనమును కూల్చివేయ యోచించినను, చరిత్రాభిమానుల పట్టుదలచే అది నిలిచి, 2020లో హోటలుగా తెరువబడినది. వెనుకనున్న విభాగములు మాత్రము అంతకుమున్నే నేలమట్టమైనవి. పేదలు పడుకొన్న వార్డు నొకదానినైనను యథాతథముగా నిలిపియుండవలసినదని నా దృఢాభిప్రాయము.