ధాత కరవు నుంచి కంట్రోలు దాకా

రాజపాళయం దగ్గరి సత్రపట్టి బ్యాండేజి గుడ్డకు పేరుపడిన ఊరు. ఆస్పత్రుల్లో గాయాలకు కట్టే పలుచని నూలుగుడ్డను ఇక్కడి మరమగ్గాలు నేస్తాయి. 2020లో కరోనా వ్యాపించినప్పుడు ఆస్పత్రి సరకుల్లో మొదట కొరత పడినవి మాస్కులు. మార్చి 13న కేంద్రప్రభుత్వం మాస్కులనూ శానిటైజర్లనూ నిత్యావసర వస్తువులుగా ప్రకటించింది. రెండు పొరల మాస్కు 8 రూపాయలు, మూడు పొరలది 10 రూపాయలు మించరాదని మార్చి 21న ఉత్తర్వు చేసింది. దీనికి ఆధారం 1955 నాటి నిత్యావసర వస్తువుల చట్టం. విపత్తు వేళ సర్కారు ధరను కట్టడి చేయవచ్చునన్న భావన మన ప్రాంతానికి ఎలా వచ్చింది?

1876-78 నాటి మహాక్షామంలో ఆ భావన లేదు. తెలుగువారు ధాత కరవుగా చెప్పుకొనే ఈ క్షామాన్ని తమిళులూ ఆ సంవత్సరం పేరుతోనే గుర్తుంచుకున్నారు. మద్రాసు గవర్నరు బకింగ్‌హాం ప్రభుత్వం ఒక ప్రైవేటు కంపెనీ ద్వారా గుట్టుగా 30,000 టన్నుల ధాన్యం కొనబోతే, వర్తకంలో జోక్యం కూడదని వైస్రాయి లిట్టన్ ప్రభుత్వం అడ్డుపడింది. రైళ్లలో ధాన్యం వచ్చినా, పనులు లేని కూలీలకు కొనే శక్తి లేకపోయింది.

రెండవ ప్రపంచయుద్ధం ఈ విధానాన్ని తలకిందులు చేసింది. 1942లో బర్మా బియ్యం ఆగిపోయింది. మరుసటి ఏడు బెంగాల్ క్షామం వచ్చింది. 1943లోనే గుడ్డకు, నూలుకు కంట్రోలు ఉత్తర్వు వెలువడింది. అప్పటినుంచే ‘కంట్రోలు’, ‘బ్లాకు మార్కెట్టు’ అనే మాటలు తెలుగు ఇళ్లలో నిలిచిపోయాయి. 1947 డిసెంబరులో ఆహారధాన్యాల మీద కంట్రోళ్లు సడలించారు. ధరలు పెరగడంతో 1948లో మళ్లీ విధించారు.

ఈ కంట్రోళ్ల భారం మోసిన నాయకులలో ఒకరు రాజపాళయం వారే. విజయనగర కాలంలో ఆంధ్రదేశం నుంచి వచ్చి స్థిరపడిన రాజుల కుటుంబాలలో పుట్టిన పి.ఎస్. కుమారస్వామిరాజా 1949 ఏప్రిల్ నుంచి 1952 ఏప్రిల్ వరకు మద్రాసు ప్రభుత్వానికి నాయకత్వం వహించారు. అవి వానలు మొహం చాటేసిన సంవత్సరాలు. రేషను చాలక, ధాన్యసేకరణ నచ్చక, ఇటు కొనేవారూ అటు రైతులూ అసంతృప్తి చెందారు. 1952 ఎన్నికలలో కాంగ్రెసుకు మెజారిటీ రాలేదు, ఆయనా ఓడిపోయారు. తరువాత వచ్చిన రాజాజీ ఆ జూన్‌లోనే ఆహార కంట్రోళ్లు ఎత్తివేశారు. భయపడినట్లు ధరలు మండిపోలేదు. 1951లో అమెరికా అప్పు మీద వచ్చిన గోధుమలతో కేంద్రానికి కొంత నిల్వ ఉండడం దీనికి అండ అయిందనుకోవచ్చు.

దీనినిబట్టి కంట్రోలు మంచిదా చెడ్డదా అని ఒక్కమాటలో తీర్పు చెప్పలేము. 1876లో సరకు నడిచినా ధరకు పగ్గం లేదు, పేదవాడి చేతిలో డబ్బు లేదు. 1949-52లో ధరకు పగ్గం ఉన్నా సరకు చాలలేదు. 2020లోనూ ఉత్తర్వు వచ్చిన తొలిరోజుల్లో చాలా దుకాణాల్లో మాస్కులు దొరకలేదు. తయారీ పెరిగాకనే కొరత తీరింది. దాచినవాణ్ణి చట్టం శిక్షించగలదు గాని, మగ్గం నడపలేదు.

మన విద్యార్థులు చేయదగిన పని ఒకటుంది. కంట్రోలు రోజులను చూసిన పెద్దలు నేడు కొద్దిమందే మిగిలారు. క్యూలో నిలబడి ఏమి తెచ్చుకున్నారో, ఎంతకు కొన్నారో వారిని అడిగి, వారి తెలుగులోనే రాసిపెట్టుకోవాలి. ప్రభుత్వ ఉత్తర్వులలో ధర ఉంటుంది. ఆ ధరకు సరకు దొరికిందో లేదో వారికే తెలుసు.