ముందు చక్రపు కీలు: దాని చరిత్ర



ఇంటి ముంగిట కారు నిలిపి, ముందు చక్రపు సస్పెన్షన్ మరమ్మతును తామే చేసికొను యువకులు నేడు అక్కడక్కడ కానవచ్చుచున్నారు. ఆ పని ముగించి డ్రైవ్ షాఫ్టును మరల బిగించువేళ పాటింపవలసిన నియమములు కొన్ని గలవు. షాఫ్టును వ్రేలాడనీయరాదు, రబ్బరు తొడుగు చినుగరాదు, పాత నట్టును మరల వాడరాదు. ఇవి సూత్రములవలె పొట్టివి. భాష్యము తెలియనివాడు సూత్రమును తేలికగా విడనాడును. వీని భాష్యము చరిత్రయందున్నది.

మన యెడ్లబండిని తలచుకొనుడు. ఇరుసు నిలిచియుండును, చక్రము దానిపై తిరుగును. ఎడ్లు బండిని లాగునే కాని చక్రమును త్రిప్పవు. మోటారుకారునందో, ఇంజను చక్రమునే త్రిప్పవలెను. వెనుక చక్రములను త్రిప్పుట సులభము, అవి ప్రక్కలకు మరలవు గనుక. ముందు చక్రము దారి ననుసరించి కుడియెడమలకు మరలవలెను. గుంటలలో పైకి క్రిందికి ఆడవలెను. ఆ స్థితిలోనే ఇంజను బలమును గ్రహింపవలెను. వంగుచునే తిరుగగల కడ్డీ యెట్లుండవలెను?

ఈ ప్రశ్న కారుకంటె ప్రాచీనము. రెండు పంగలను నడుమ శిలువవంటి ముక్కతో కూర్చిన కీలు ఇటలీ దేశపు పండితుడు కార్డానో (1501–1576) పేరిట ప్రసిద్ధమైనది. ఇంగ్లండునందు రాబర్టు హుక్ 1676లో దానిని వర్ణించెను. కాని అందొక లోపము గలదు. కడ్డీ 30 డిగ్రీలు వంగినచో, ఈవలి కొన 100 వంతున సమముగా తిరుగుచుండగా, ఆవలి కొన ప్రతి చుట్టునందును రెండు మారులు 115 వరకు ఎగసి, రెండు మారులు 87కు దిగును. మలుపున ఇట్టి వడిదుడుకులు ముందు చక్రమున కెంతమాత్రము తగవు. రెండు కీళ్లను జతచేసి, ఒకదాని దోషమును రెండవదానిచే తీర్చవచ్చునని హుక్ పండితుడే పిదప సూచించెను.

1926లో ఫ్రాన్సునందు గ్రెగార్, ఫెనాయ్ అనువారు ‘ట్రాక్టా’ కీలును, అమెరికాయందు ఆల్ఫ్రెడ్ ర్జెప్పా బంతుల కీలును కల్పించిరి. ర్జెప్పా కీలున ఆరు ఉక్కుబంతులు గాడులలో నుండును. కడ్డీ యెంత వంగినను బంతులు ఆ వంపును సరిగా సగము చేయు తలముననే నిలుచును. కావున రెండు కొనలును సమవేగమున తిరుగును. 1934లో ఫ్రాన్సున సిట్రోయెన్ వారు ముందు చక్రములు నడపు కారును విస్తారముగా నిర్మింప నారంభించిరి. 1959లో ఇంగ్లండునందు ఇస్సిగోనిస్ రూపొందించిన ‘మినీ’ చిన్నకారు బంతుల కీలుతోడనే వెలువడెను. మన దేశమున అంబాసడర్, ప్రీమియర్ పద్మిని కార్లు వెనుక చక్రములతో నడచినవి. 1983 డిసెంబరు 14వ తేదీన మారుతి 800 వెలువడినది మొదలు, ముందు చక్రములతో నడచు కారు సామాన్య గృహస్థుల ముంగిళ్లకు వచ్చెను.

ఇక సూత్రములకు వత్తము. బంతులు గాడులలో సదా ఒరయును. కందెనయే వానికి ప్రాణము. ఆ కందెనను కాచునది రబ్బరు తొడుగు. అది చినిగిన, గ్రీజు చిమ్మిపోయి దుమ్ము చేరి, బంతులను గాడులను అరగదీయును; మలుపులలో టకటక శబ్దము పుట్టును. లోపలి కీలు నిడివిగా జరుగునట్లు చేయబడినది. హబ్బును మితిమీరి వెలికి లాగినచో అది లోపలనే ఊడిపోవచ్చును. కావుననే షాఫ్టును తీగతో కట్టి నిలుపవలెను. ఇక బండికి కడచీల యెట్టిదో, షాఫ్టు కొననున్న పెద్ద నట్టు అట్టిది. ఒకమారు నొక్కి వంచిన దాని అంచు మరల నమ్మదగదు. అందుచే క్రొత్తది వేయుదురు. అది వదులైన హబ్బులోని బేరింగు చెడును. దానిని తయారీదారు చెప్పిన కొలత ప్రకారము, చక్రము నేలనానిన పిదప బిగింపవలెను. జాకీపై నున్న కారునందు అంత బలము ప్రయోగించిన అది జారి పడవచ్చును. కేవలము జాకీని నమ్మి కారుక్రింద దూరుట ప్రాణాపాయము.

మీ యింటి కుఱ్ఱవాడు ఈ పనికి పూనినపుడు పెద్దలు ఊరక చూచుచుండ నక్కఱలేదు. “నాయనా, తొడుగు చూచితివా? షాఫ్టును కట్టితివా? నట్టు క్రొత్తదేనా? ఎందుకో చెప్పుము” అని యడుగుడు. వాడు కారణము చెప్పగలిగిన పిదపనే చక్రము నెక్కింపనిండు. ఆ కారులో ఎక్కువారు మీ వారే కదా!