పెరటిలో నిలిచిన వాననీరు

చెట్టుచేమలుగల నేలపై పడిన వర్షములో అధికభాగము మట్టిలోనికి ఇంకును. కొంత నీటిని వేళ్ళు గ్రహించును. నగరములు వెలసిన పిమ్మట ఈ క్రమము తారుమారైనది. 1,000 చదరపు అడుగుల ఇంటికప్పుపై 1 అంగుళము వాన కురిసినచో సుమారు 2,360 లీటర్ల నీరు దిగును. దానిని ఎంత త్వరగా ఊరు దాటించిన అంత మేలని తలంచి, ఇంజనీర్లు కాలువలను, గొట్టములను నిర్మించిరి.

వీధులు ఆరినవి గాని నదులు చెడినవి. అమెరికాలోని చెసపీక్ అఖాతము ఇందుకు నిదర్శనము. పొలములనుండియు నగరములనుండియు కొట్టుకొనివచ్చిన నత్రజని, భాస్వరములవలన అందు నాచు దట్టముగ పెరిగెను. అది కుళ్ళునపుడు నీటిలోని ఆమ్లజని తరిగి, జలచరములకు ప్రాణాపాయము కలిగెను.

మేరీలాండ్ రాష్ట్రములోని ప్రిన్స్ జార్జెస్ కౌంటీ వాషింగ్టన్ నగరమును ఆనుకొనియున్నది. కౌంటీ అనగా మన జిల్లావంటిది. అచ్చటి వాననీరు చాలవరకు అనకోస్టియా మొదలగు నదులద్వారా ఈ అఖాతమునే చేరును. 1990లో అచ్చట సోమర్సెట్ అను కాలనీ కట్టునపుడు, వాడుకగా త్రవ్వు పెద్ద చెరువునకు బదులు ఇంటింటను 300 నుండి 400 చదరపు అడుగుల పల్లపు తోట వేసిరి. కౌంటీ అధికారి లారీ కాఫ్‌మన్ ఈ పద్ధతికి రూపమిచ్చినవారిలో ముఖ్యుడు. పాత పద్ధతికి సుమారు 4 లక్షల డాలర్లు కావలసియుండగా, దీనికి దాదాపు 1 లక్షయే చాలెను. 1993లో కౌంటీ ఈ తోటల నిర్మాణవిధానమును గ్రంథముగా ప్రకటించెను.

ఈ తోట పని ఎట్టిది? సుమారు 6 అంగుళముల పల్లములో ఇసుక ఎక్కువగా కలిపిన మట్టి నింపి, తడిని ఎండను ఓర్చు స్థానికపు మొక్కలు నాటుదురు. వేళ్ళు మట్టిని గుల్లపరచి నీటికి దారి యిచ్చును. లోహములు, భాస్వరము మట్టికణములకు అంటుకొనును. నూనెను సూక్ష్మజీవులు విచ్ఛిన్నము చేయును. నీరు ఒకటి రెండు దినములలో ఇంకిపోవుటచే దోమపిల్లలు ఎదుగుటకు వ్యవధి చాలదు.

తెలుగునాట ఇంకుడుగుంతలు ఈ తోటలకు దగ్గరి బంధువులు. 2002లో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చేసిన నీరు, భూమి, చెట్ల చట్టము వాననీటిని పట్టి ఉంచు కట్టడములకు చోటిచ్చెను. గుంతలో రాళ్ళు, ఇసుక మాత్రమే పనిచేయును. తోటలో వాటితోపాటు వేరును పనిచేయును.

పాఠశాల ఆవరణలోను దీనిని పరీక్షింపవచ్చును. గోడకు 10 అడుగుల దూరమున అడుగులోతు గుంట త్రవ్వి నీరు నింపవలెను. ఒక దినములో ఇంకినచో అది తోటకు తగిన నేల. ఇంకనిచో అది బంకనేల. అచ్చట మట్టి మార్చవలెను, లేదా అడుగున చిల్లుల గొట్టము వేయవలెను.